పగలని డజను గుడ్లు

అక్కా, మేం కులాసా. ముడతల రేకులా గతుకులున్న గిబ్ రివర్ మట్టిరోడ్డు మొత్తం దాటేశాం!

కారు వెనక తగిలించుకుని లాగే ఈ కారవాన్ కొనే రోజున మా ఆయన మెర్విన్ లోపలి సోఫాలు చూసి మురుస్తుంటే, నేను కిందకి దూరి ఇనుపచట్రం, స్ప్రింగులు చూశానని బావ ఎంత నవ్వాడు! "నోలీన్, ఈ డొక్కు డబ్బా రెండో రోజే ఊడి చేతికొస్తుంది" అన్నాడు కదా. ఇవాళ తలుపు తీస్తే డజను గుడ్లలో ఒక్కటీ చిట్లలేదు. తెల్లదుప్పటి మీద ఎర్రదుమ్ము లేదు. ఇది బావకి గట్టిగా చదివి వినిపించు.

నిమ్మచెట్టుకి నీళ్ళు పోస్తున్నావా? పిల్లలకు ముద్దులు.

అన్నట్టు, మెర్విన్ ఇప్పుడు పక్కవాళ్ళ కారవాన్ కింద పడుకుని పాఠం చెబుతున్నాడు: "కొనేముందు ఇలా దూరి చూడాలయ్యా, అది నా పద్ధతి!" బయటికి కనిపిస్తున్న ఆ కాళ్ళు పట్టుకు లాగేద్దామనుకున్నాను. గెలిచినదాన్ని కదా, వదిలేశాను.

నీ చెల్లి నోలీన్