ఉల్టా తిరిగే పన్నెండోడు

ఎర్రిస్వామీ,

ఎట్లుండావని అడిగే పని లేదు. నిజం చెప్పాలంటే ఈ జాబు రాయడమెందుకులే అని కాగితం రెండుసార్లు మడిచి పక్కన పెట్టాను. చేరే ఊరు లేని జాబుకు తపాలా బిళ్ల అక్కర్లేదు కదా అని మళ్లీ విప్పాను.

నువ్వు పోయి ఇరవై ఒక్క నెలలయింది. అంత ఖచ్చితంగా ఎందుకు గుర్తంటే... నీ చంద్రుడు గురుగ్రహాన్ని ఒకసారి చుట్టి రావడానికి ఇంచుమించు అంతే పడుతుందని పత్రికలో చదివాం కదా. ఈపాటికి ఒక చుట్టు అయిపోయి ఉంటుంది.

ఈ నడుమ మన జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. బ్రూస్‌పేటలో అంగళ్ల బోర్డులు కన్నడంలో రాయిస్తున్నారు. మన బట్టలంగడి బోర్డు రాయడానికి వచ్చినవాడు తలకట్లు మాత్రం మార్చి చెయ్యి కడుక్కున్నాడు. రెండు లిపులకూ అంతే తేడా అన్నాడు. నువ్వుంటే వాడితో పొద్దుగూకేదాకా వాదించేవాడివి... ఎక్కడికో పోతున్నాను.

ఆ పాత పత్రిక ఇంకా గల్లాపెట్టె కింద ఉంది. పొట్లాల కాగితాల మీద నేను నేర్చుకున్న అక్షరాలే నీకూ నేర్పాను. ఆ చదువుతోనే కదా నువ్వు ఎగిరి గంతేసి చదివావు. "బావా, గురునికి పన్నెండో చంద్రుడు దొరికినాడంట! శానా చిన్నోడు. పెద్ద చంద్రులు తిరిగే పక్క తిరగడంట. ఉల్టా తిరుగుతాండాడంట!"

అంగడి నిండా బేరగాళ్లు. నా నోరు ఊరుకుంటుందా? అది నీ కథేరా, పిలవకుండా వచ్చి నా ఇంటి చుట్టూ తిరిగే పన్నెండోడివి నువ్వే అన్నాను. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నవ్వి, మల్లుగుడ్డ మడతపెడుతూ మెల్లగా అన్నావు. "వాడు వచ్చి పడలేదంట బావా. యాడికో పోతాంటే గురుడే పట్టుకుండాడంట."

ఆ నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది.

మీ అక్క కన్నుమూసిన నెలలోనే నువ్వు సిరుగుప్పకు పోతానని మూట కట్టుకున్నావు. బస్సు మెట్టు మీద ఆ మూట గుంజుకున్నది ఎవరు? ఆ ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని అన్నం తినలేక నేనే గుంజుకున్నాను. ఆ సంగతి బజారులో ఒక్కరికీ చెప్పలేదు. పదకొండేళ్లు... బావ ఇంట్లో ఊరికే తింటున్నాడని అనుకుంటుంటే అనుకోనిచ్చాను.

పత్రిక చదివిన ఆ రోజు నుంచి బ్రూస్‌పేటలో నీ పేరు పన్నెండోడు. మూడు వారాలకు, "హగరి ఏటి పక్క పత్తి తీతకు పోయొస్తా బావా" అన్నావు. గజంబద్ద పట్టిన చేతికి పత్తి తీత ఎందుకని నేను అడగలేదు. ఆ పేరు వల్లనేనా, ఎర్రిస్వామీ?...

ఎనిమిదో రోజు కబురొచ్చింది. జ్వరమట. నేను రైలు దిగి ఏటికి చేరేసరికి నిన్ను ఇసుకలో కట్టెల మీద పడుకోబెట్టేశారు. నీకంటూ ఎవరూ లేరని కుండ నా భుజానికెత్తారు. జన్మంతా గుళ్లో తిరిగిన అలవాటు... ప్రదక్షిణం చేసినట్టే నడిచాను. చితి దగ్గర ఎదురు దిక్కుగా తిరగాలన్నది మరిచాను.

"ఆ పక్క కాదప్పా, ఉల్టా తిరగల్ల!" అని ఎవరో పెద్దాయన అరిచాడు.

ఆ మాట విని వెనక్కి మళ్లాను. కుండలో నీళ్లు కారుతూ ఉంటే మూడు చుట్లు, ఉల్టా. నడుమ నువ్వు. చుట్టూ తిరిగేది నేను.

నిన్న సిరుగుప్ప బేరగాడొకడు వచ్చాడు. "యాడప్పా మీ పన్నెండోడు? ఈ నడుమ కనపడల్యా" అన్నాడు. ఆయన పేరు ఎర్రిస్వామి, పోతున్నవాణ్ణి నేనే పట్టుకొచ్చి పెట్టుకున్నాను, ఇప్పుడు లేడు అని చెప్పాను. అతను నాలుగు గజాల మల్లు అడిగాడు. కొలిచి, చించి ఇచ్చాను.