నాలుగో సీసా

డిసెంబర్ 21, 1984. శుక్రవారం

మా ఆయన అబ్రహాంకి సూపర్‌వైజర్ క్రిస్మస్ గిఫ్ట్ ఇచ్చాడు. చెక్కపెట్టెలో నాలుగు లావుపాటి సీసాలు. బెల్జియంలో క్యాథలిక్ సన్యాసులు మఠంలో కాచిన నల్ల బీరట. లేబుల్ మీద సిలువ.

ఆయన మందు మానేసి రెండేళ్లు. నా పక్కటెముక విరగ్గొట్టిన మర్నాడు సంఘం ముందు ప్రమాణం రాసిచ్చాడు. కొట్టింది తను కాదు, మందు అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

పారబోస్తానంటే కసిరాడు.

డిసెంబర్ 23. ఆదివారం

ఇక్కడ అమెరికాలో, మా పిస్కాటవే తెలుగు సంఘంలో ప్రభుభోజనానికి ద్రాక్షరసం కాచేది నేనే. ఎండుద్రాక్ష నానేసి, మరిగించి, వడకట్టాలి. మందు వాసన కూడా తగలకూడదని పాస్టర్ దేవకుమార్ గారి పట్టింపు.

ఇంటికొచ్చాక ఆయన మిగిలిన రసం చూసి లాజిక్ తీశాడు. సన్యాసులు ప్రార్థన చేస్తూ కాచింది మందెలా అవుద్ది, ఇదీ నీ రసం లాంటిదే కదా అన్నాడు. ప్రమాణంలో బ్రాందీ, విస్కీ, సారా అని రాశాడట. సన్యాసుల బీరు అని రాయలేదట.

డిసెంబర్ 25

మధ్యాహ్నానికి మూడు సీసాలు. కూరలో ఉప్పెక్కువైందంటున్నాడు.

డిసెంబర్ 26

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టు విరిగింది.

నా తల వంటింటి ప్యాంట్రీ తలుపుకేసి మూడుసార్లు బాదాడు. చెయ్యి అడ్డం పెడితే వెనక్కి విరిచాడు. ఎముక చప్పుడు విన్నాను. నేను నర్సుగా చేసే హాస్పిటల్లోనే ఎక్స్‌రే. ఐస్ మీద జారానని చెప్పాను. ఎక్స్‌రే తీసినామె నా మెడ మీద వేళ్ల గుర్తులు చూసింది. ఫిల్మ్ కవర్లో పెట్టి తర్వాతి పేషెంట్‌ని పిలిచింది.

డిసెంబర్ 30. ఆదివారం

ఆయన సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఏడ్చాడు. సైతాను సీసాలో దూరి ఇంటికొచ్చాడన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఈసారి నేననలేదు. సంఘంలో పెద్దావిడ జ్ఞానమ్మగారు నా కట్టు నిమిరి, పాపం ఆయన తప్పేముందమ్మా, అంతా ఆ బీరు చేసిన పనే, నువ్వు ప్రేయర్ చెయ్ అంది. ఒళ్లు మండిపోయింది.

జనవరి 3, 1985. మధ్యాహ్నం 2 గంటలు

ఆయన ఆఫీస్‌లో ఉన్నాడు. నాలుగో సీసా తీశాను. నన్ను కొట్టినదేదో నేనూ చూడాలి కదా. మోకాళ్ల మధ్య పెట్టుకుని కార్కు లాగాను. నల్లగా ఉంది. నురగ మాత్రం కాఫీరంగు. మొదటి గుక్క చేదు. తర్వాత మాడిన బెల్లప్పాకం, ఆ వెనక ఎండుద్రాక్ష. గొంతులోంచి కడుపుదాకా వేడి.

బాగుంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, చాలా బాగుంది.

4 గంటలు

మొత్తం తాగేశాను. తల తిరుగుతోంది. ఊరికే నవ్వొస్తోంది. కొట్టాలనిపిస్తుందేమోనని వెయిట్ చేశాను. ఆయన్ని తలుచుకున్నాను. మెడ మీద ఆయన వేళ్లు తలుచుకున్నాను. చెయ్యి లేవలేదు. పక్కింటి పిల్లి వస్తే పాలు పోశాను.

సీసాలో ఎవరూ లేరు.

జనవరి 5. శనివారం

పొద్దున పదకొండింటికి రేపటి రసం కాస్తున్నాను. ఆయన కౌంటర్ మీద ఖాళీ సీసా చూశాడు. ఆడదానివై ఉండి తాగుతావా, సంఘంలో నా పరువేం గాను అన్నాడు. కాఫీ తప్ప ఆయన ఏమీ తాగలేదు. కట్టున్న చేతినే పట్టుకుని మెలిపెట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. ఎడమచేతికి సీసా అందింది. నుదుటి మీద కొట్టాను.

మందపాటి సీసా, పగల్లేదు. రెండోసారీ పగల్లేదు. స్టవ్ దాకా నెత్తురు చిమ్మింది. అంబులెన్స్‌కి ఫోన్ చేసింది నేనే.

జనవరి 6. ఆదివారం

ఆయనకి పద్నాలుగు కుట్లు. ఈసారి సంఘంలో సాక్ష్యం నేను చెప్పాను. నిన్న మేమిద్దరం ఏమీ తాగలేదు, ఆయన నా చెయ్యి విరవబోతే నేను కొట్టాను అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు.