మా ఇంటిని మళ్లీ లిస్టులో రాయండి

కల్వకుర్తి,
ఆగస్టు 11, సోమవారం.

పసిపిల్లల ఇంటి సందర్శన కార్యక్రమం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జూన్ 30న నేను తమరికి ఇచ్చిన అర్జీని నేనే వెనక్కి తీసుకొనుట, దాని మీద ఆపేసిన మంగళవారం సందర్శనలను మా ఇంటికి తిరిగి ఇప్పించుట, ఇంటి సందర్శకురాలు జములమ్మ గారికి ఇచ్చిన మెమోను రద్దు చేయుట గురించి.

పై విషయమై, పెంటయ్య కొడుకు మల్లేశ్ అను నేను, వయస్సు ఇరవై నాలుగు, టైల్స్ పని, కిరాయి గదిలో నివాసం, తమరికి రాసుకొనునది ఏమనగా:

1. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాడిని. అర్జీలు రాయడం ఆఫీసుల గోడలకు అంటించిన కాగితాలు చదివి నేర్చుకున్నాను. మా వాకిట్లో నాలుగు గదులు, ఒక్కటే నల్లా. నల్లా గురించి, పొంగి పారే మోరీ గురించి, వీధి దీపం గురించి పదకొండు అర్జీలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. పన్నెండోది తమరికి రాశాను. తొమ్మిది రోజుల్లో చర్య తీసుకున్నారు. నేను రాసినవాటిలో పని జరిగిన అర్జీ అదొక్కటే. దాన్ని రద్దు చేయమని అడగడానికే ఈ పదమూడోది.

2. నా భార్య అఖిల మార్చి 18న తెలకపల్లిలో తల్లిగారింట్లో ఆడపిల్లను కన్నది. పిల్ల పేరు తేజస్విని. మూడో నెలలో మా గదికి తీసుకొచ్చాను. అక్కడ మా అత్త విజయమ్మతో కలిపి పిల్లను ఎత్తుకునే చేతులు ఆరు. ఇక్కడికి వచ్చాక రెండే, అవి అఖిలవి. నేను పొద్దున ఎనిమిదికి పోతే ఆరింటికి వస్తాను. పుట్టినప్పుడు చూడటానికి వచ్చిన నర్సమ్మలందరూ తల్లిగారింటికే వచ్చి చూసిపోయారు. వాళ్లు నన్ను చూడలేదు, నేను వాళ్లను చూడలేదు.

3. జములమ్మ గారు జూన్ 10, 17, 24 తేదీల్లో, మూడు మంగళవారాలు వచ్చారు. మొదటి రెండుసార్లు నేను పనిలో ఉన్నాను. మూడోసారి టైల్స్ లోడు రాక ఇంట్లో ఉన్నాను. కరెంటు పోయిందని అందరం వాకిట్లో కూర్చున్నాం. ఆమె సంచిలోంచి కాగితం తీసి నన్ను అడిగింది.

"తమ్మీ, నువ్వు దొరికినవ్ గద, నిన్ను గూడ అడగాలె. పిల్ల ఏడుపు ఆగకపోతే ఇంట్ల ఎవలన్న గట్టిగ ఊపిండ్రా, కొట్టిండ్రా?"

నల్లా కాడ బిందెలు పట్టే ఆడోళ్లు ఇటు తిరిగారు.

"ఏంది నువ్వు అడిగేది?" అన్నాను.

"అందర్ని అడుగుత తమ్మీ. కాగితంల ఉన్నది."

"అందర్నా? డాక్టర్ల ఇండ్లల్లకు గూడ పోయి అడుగుతవా? గరీబోళ్లు పిల్లల్ని సంపుకుంటరని రాసున్నదా దాంట్ల?"

ఆమె గొంతు తగ్గించింది. "నీకు చిన్నప్పుడు దెబ్బలు మస్తు పడ్డయా?"

మా నాయన చేతిలో నాకు పడినవి మా ఊరందరికీ తెలుసు. ఈమెకు ఎవరు చెప్పారని నాకు మండింది. ఎవరూ చెప్పలేదు. అది కూడా కాగితంలో ఉన్న ప్రశ్నేనట. నాకు తర్వాత తెలిసింది.

లేచేముందు ఆమె ఇంకో మాట చెప్పింది. "కోపం అందరికొస్తది తమ్మీ. వచ్చినప్పుడు పిల్లను చాప మీద మొఖం మీదికుండేటట్టు ఎల్లెలుకల పండవెట్టు. బయటికొచ్చి గడప కాడ కూసో. చెంబెడు నీళ్లు తాగు. నూరు లెక్కవెట్టి లోపలికి పో. పిల్ల గంతసేపు ఏడిస్తే ఏం గాదు."

"పిల్ల ఏడుస్తుంటే గడప కాడ కూసొని నీళ్లు తాగెటోడు తండ్రా?" అన్నాను. వాకిలంతా నవ్వింది. ఆమె సంచి సర్దుకొని పోయింది.

4. అదే వారం అర్జీ రాసి సోమవారం ఇచ్చాను. "పేదల గడపల్లో నేరములు వెదకు కార్యక్రమము" అని రాశాను. "మా ఆత్మగౌరవమునకు తీరని భంగము" అని రాశాను. ఇచ్చేముందు వాకిట్లో రెండుసార్లు చదివి వినిపించాను. పక్క గది యాదయ్య, "లాయర్ సాబ్, గీ దెబ్బకు ఆఫీసోళ్లకు చెమటలు వట్టాలె" అన్నాడు. నేను నవ్వాను. అఖిల నవ్వలేదు.

"ఆమె వచ్చేనాడే నేను తల దువ్వుకునేది. గా ఒక్కటి గూడ ఆపుతున్నవ్" అన్నది.

ఆ అర్జీలో రాసినదంతా తప్పని ఇప్పుడు కూడా అనను. ఆ ప్రశ్న అడిగితే డాక్టర్ల ఇళ్లల్లో కూడా అడగాలి. నల్లా కాడ నలుగురిలో అడగవద్దు. ఈ రెండు మాటల మీద నిలబడే ఉన్నాను. కానీ ప్రశ్న తప్పు కాదు.

5. జూలై 9న తమరి కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. "సదరు అర్జీదారుని గృహమునకు సందర్శనలు నిలుపుదల చేయడమైనది." జములమ్మ గారికి మెమో ఇచ్చినట్టు కూడా ఉంది. ఆ కాగితాన్ని కవరులో పెట్టి గోడకు మేకుకు తగిలించాను. ఆ తర్వాతి మంగళవారం పనికి పోతుంటే అఖిల గడప కాడ నిలబడి ఉంది. ఎవరి కోసమని అడగలేదు.

6. జూలై 20, ఆదివారం, పగలు పదకొండు గంటలకు అఖిల రేషన్ షాపులో వేలిముద్ర వేయడానికి పోయింది. పిల్ల నా దగ్గర ఉంది. పాలు తాగింది. బట్ట తడవలేదు. ఏడుపు మొదలుపెట్టింది. ఎత్తుకున్నాను. తిప్పాను. ఫోన్‌లో పాట పెట్టాను. ఆగలేదు. టైల్స్ కోసే మిషన్ మోత పని లేనినాడు కూడా నా చెవుల్లో ఉంటుంది. ఏడుపు ఆ మోతలో కలిసిపోయింది. ఏది ఏదో తెలియలేదు.

సదరు శిశువును నేను రెండు చేతులతో పట్టుకొని గట్టిగా ఊపితిని. రెండుసార్లు. మూడోసారి తల వెనుకకు పడుట చూచితిని.

ఏడుపు ఆగింది. ఆగినందుకు నాకు హాయిగా అనిపించింది. ఎంతసేపో తెలియదు. ఒక గుక్క నీళ్లు మింగినంతసేపు. అది కూడా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

తర్వాత పిల్ల ముఖం తెల్లబడింది. కక్కింది. మెత్తని గుడ్డలాగా చేతిలో ఉంది. అఖిల వచ్చేసరికి నేను అలాగే నిలబడి ఉన్నానట. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. రెండు రోజులు ఉంచుకున్నారు. తలకు పరీక్ష చేశారు. కళ్లు చూస్తున్నాయి, కాళ్లు చేతులు ఆడుతున్నాయి, ఇప్పటికైతే భయం లేదు, ఏడాది దాకా చూపిస్తూ ఉండాలి అన్నారు. ఎట్లా జరిగిందని డాక్టరమ్మ అడిగింది. మంచం మీది నుంచి పడిందని నేను చెప్పాను. ఆమె చీటీలో రాసుకుంది.

7. మా గదిలో మంచం లేదు.

8. దవాఖాన నుంచి బయటికి వచ్చాక అఖిల గదివైపు నడవలేదు. బస్టాండుకు పోయింది. బెంచీ మీద కూర్చొని పిల్లకు కొంగు కప్పి అడిగింది.

"మంచం ఎప్పుడు కొన్నవ్?"

నేను చెప్పాను. ఏం దాచలేదు. ఆమె కేకలు వేయలేదు. తెలకపల్లి బస్సు వచ్చేదాకా పిల్ల కాళ్లు పట్టుకొని చూస్తూ కూర్చుంది. ఎక్కేముందు అన్నది: "నువ్వు మంచోనివి, ఇంకోసారి చెయ్యవ్ అని నేను ఎవలికి చెప్ప. నాకు తెల్వదు. నీకు గూడ తెల్వదు. జములక్క మంగళారం మంగళారం మనింటికి వస్తనంటెనే పిల్లను తీస్కొనొస్త. లేకుంటే లేదు."

"ఆమెను నేనే ఆపిన గద" అన్నాను.

"ఆపినోనివి నువ్వే తేపో. రాయొస్తది గద నీకు."

9. తమరి కార్యాలయానికి రెండుసార్లు వచ్చాను. అక్కడి గుమాస్తా కంప్యూటర్‌లో చూసి, "నీ అర్జీ మీదనే క్లోజైంది భయ్యా. క్లోజైన ఇల్లు తెరవాలంటే కారణం పడాలె. పిల్ల బరువు తక్కువున్నదా? తల్లికి పాణం బాగలేదా?" అన్నాడు. రెండూ కాదన్నాను. "మరేంది?" అన్నాడు. "తండ్రి" అన్నాను. ఆయన కారణాల జాబితా పైనుంచి కిందికి చూసి, "గసొంటిది లేదు" అన్నాడు.

10. జూలై 30న జములమ్మ గారి ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. అర్జీ సంగతి ఎత్తనే లేదు.

"పిల్లెట్లున్నది తమ్మీ?" అన్నది.

చెప్పలేకపోయాను. ఆమె గింజ తీయడం ఆపి, ఆ రోజు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగింది. చేతిలో కాగితం లేదు.

"ఇంట్ల ఎవలన్న గట్టిగ ఊపిండ్రా?"

"ఊపిన" అన్నాను.

ఆమె చింతపండు పక్కకు జరిపింది. పిల్ల కళ్లు నిలిపి చూస్తోందా, పాలు తాగుతోందా, కక్కుతోందా అని అడిగింది. జవాబు చెప్పాను. అలవాటుగా లోపలికి పోయి సంచి తెచ్చుకుంది, కాగితం తీసింది, పెన్ను తీసింది. మళ్లీ రెండూ లోపల పెట్టింది.

"గిది నేను రాస్కోలేను తమ్మీ. నీ ఇల్లు నా లిస్టుల లేదు" అన్నది.

"ఉత్తగనన్న రారాదక్కా."

"నీ గడప తొక్కితే నా పని పోతది. నాకు ఇంక ముప్పై ఒక్క ఇల్లున్నది."

నేను మాఫీ అడగడానికి పోయాను. అడిగానో లేదో గుర్తు లేదు. చింతగింజలు కాలికి గుచ్చుకున్నట్టు మాత్రం గుర్తుంది.

11. కావున నేను కోరునది:

జూన్ 30 నాటి నా అర్జీని కొట్టివేయగలరు. జములమ్మ గారి మెమో తీసివేయగలరు. ఆమె తప్పు చేయలేదు, అడగవలసినది అడిగింది, చెప్పవలసినది నా మొహం మీద చెప్పింది. నేనే వినలేదు. మా గదిని తిరిగి ఆమె లిస్టులో ఎక్కించగలరు. కారణం గడిలో ఏమీ పడకపోతే నా పేరు రాయగలరు. మంగళవారం పని మానుకొని ఇంట్లో ఉంటాను. అఖిలను అడిగినట్టే నన్నూ అడగాలి. నల్లా కాడ కాదు, తలుపు వేసి లోపల.

12. ఈ కాగితం చదివి తమరు పోలీసులకు పంపవచ్చు. అది తెలిసే రాశాను. పంపితే పంపండి, నా చిరునామా మారదు. దాని కోసం సందర్శనలు మాత్రం ఆపవద్దు. నేను లోపల ఉన్నా బయట ఉన్నా ఒకరోజు ఆ పిల్ల ఈ గదికి వస్తుంది. ఆ రోజుకు ఈ ఇంటి పేరు ఒకరి లిస్టులో ఉండాలి.

పోయినసారి తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడూ ఆ తొమ్మిది రోజులే అడుగుతున్నాను. మొదటి అర్జీని ఎంత శ్రద్ధగా చిత్తగించితిరో దీనిని కూడా అంతే శ్రద్ధగా చిత్తగించవలెను.

తమరికి విధేయుడు, తేజస్విని తండ్రి,
పె. మల్లేశ్

జతపరచినవి:
(అ) జూన్ 30 నాటి నా అర్జీ నకలు.
(ఆ) జూలై 9 నాటి తమరి కాగితం. మేకు గుచ్చిన చోట చిరిగింది.
(ఇ) దవాఖాన చీటీ నకలు. "మంచం మీది నుంచి పడినది" అని ఉన్నచోట గీత కొట్టి, జరిగింది రాసి, సంతకం చేశాను. అసలు చీటీ కూడా దవాఖానకు పట్టుకపోయి డాక్టరమ్మకు చెప్పాను.

తా.క. ఈ అర్జీ వాకిట్లో చదవలే. యాదయ్య ఏం రాస్తున్నవ్ లాయర్ సాబ్ అని అడిగిండు. మోరీ గురించి అని చెప్పిన.

పిల్ల బోర్ల పడ్డదని మా అత్త ఫోన్‌ల చెప్పింది. నేను చూడలే.

పని నుంచి వచ్చి గదిల కూసుంటే మిషన్ మోత చెవుల్ల ఏడుపు లెక్క వస్తది. వచ్చినప్పుడు చాప పరుస్త. బయటికొచ్చి గడప కాడ కూసుంట. చెంబెడు నీళ్లు తాగుత. నూరు లెక్కవెట్టి లోపలికి పోత. లోపల ఎవ్వరు లేరు. రోజు గట్లనే చేస్తున్న. మొన్నటిదాక అరవై కాడ్నే లేస్తుంటి. నిన్న నూరు దాక కూసున్న.