ఎర్ర కలబంద

బుధవారం, రాత్రి

రాసే అలవాటు తప్పి అక్షరాలు వంకర పోతున్నాయి. తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోవద్దు.

కోడలు స్వరూప కాన్పుకు కోదాడ పుట్టింటికి పోతూ, సూర్యాపేట నర్సరీలో కొన్న రంగు కలబందను నాకు అప్పగించింది. గుమ్మానికి తలకిందులుగా కట్టే కలబంద జాతిదే గానీ ఇది పిడికెడంతే, పెరుగు డబ్బాలో పెరుగుతుంది. పెళ్లై వచ్చాక ఆమె నన్ను అడిగిన మొదటి పని ఇదే.

ఎండకు ఆకులు ఎర్రబడ్డాయి. వరి అట్లా అయితే రోగమే కదా అని భయపడి, నీడకు తెచ్చి నీళ్లు పోస్తూ వచ్చాను. మెల్లగా పచ్చబడింది. సంబరంగా ఈ పొద్దున ఫోన్‌లో చెప్పాను.

స్వరూప నవ్వింది. "మీరేమన్న వరి ఏసిండ్రా మామయ్యా? దానికి ఎరుపే అందం. మల్ల ఎండల పెట్టుండ్రి."

"ఎండకెందుకు ఎర్రగైతది బిడ్డా?"

"ఎండను తట్టుకోనీకె గట్ల రంగు మారుతది."

"అంటే దానికి కష్టమైతున్నట్టేనా?"

"ఏమో మామయ్యా, నేనెప్పుడు గట్ల అనుకోలె," అన్నది.

డబ్బాను ఎండలో పెట్టాను. మనసొప్పక మళ్లీ లోపలికి తెచ్చాను. స్వరూప నమ్మి ఇచ్చిన మొక్క, మూడు నెలల పాపతో వచ్చేసరికి ఆమె కోరినట్టే ఉండాలి. కానీ దాన్ని కష్టపెట్టి ఎట్లా? ఇప్పుడది గడప పక్కనే ఉంది, లోపలా కాదు, బయటా కాదు.

కలబందా, నీకేది ఇష్టమో నువ్వే చెప్పాలి. నెలాఖరుకు ఆమె వస్తుంది, జర తొందరగా జవాబియ్యి.