చక్రం కదిలిన సమయం

సుక్మా,
ఆదివారం.

చిరంజీవి కల్యాణికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. నేను క్షేమం. నువ్వు విజయవాడలో వేళకు తింటున్నావని తలుస్తాను.

అమ్మ ఆ రోజు ఎంతసేపు ఎదురుచూసిందని పోయిన ఉత్తరంలో అడిగావు. అదే ఫోన్‌లో అడిగినప్పుడు సిగ్నల్ లేదన్నాను. ఉంది.

ఆ రోజు అమ్మ కిష్టారంలో పుట్టింట్లో ఉంది. తొమ్మిదిన్నరకు ఛాతీలో నొప్పి అంది. పక్కింటి అమ్మాయి భీమే సిగ్నల్ కోసం గుట్టెక్కి, పది గంటలకు మా సంస్థ అంబులెన్సుకు ఫోన్ చేసింది. వస్తున్నామన్నారు. అమ్మ వాకిట్లో మంచం వేయించుకుంది. రెండుసార్లు మంచినీళ్ళు అడిగింది. పన్నెండున్నరకు పోయింది. బండి ఒంటిగంటా పావుకు వచ్చింది. నేను ఇక్కడ ఆఫీసులో ఉన్నాను.

వంట గురించి కూడా అడిగావు. పప్పూ అన్నం వండుకోవడం వచ్చింది. ఇవాళ సంతలో, ఎర్రచీమల పచ్చడి అమ్మే బుధ్రి, "అక్క రాలేదేంది సారూ?" అంది. ఊరికి పోయిందన్నాను. "వచ్చినంక ఇయ్యి," అని ఒక దొప్ప నిండా పెట్టింది. నేనది తినను. మూతపెట్టి ఉంచాను.

మా సంస్థ పనితీరు కార్డు నేను తయారుచేసిందే. ప్రతి పిలుపుకూ ఒక గడి. బండి గంటలోపు చేరితే పచ్చ, దాటితే ఎరుపు. సమయం చక్రం కదిలినప్పటి నుంచి లెక్కపెట్టాలని పెట్టింది నేనే. ఫోన్ వచ్చిన వేళ ఎవరూ సరిగా రాయరని అనుకున్నాను. నేను కార్డు గీస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఎదురుచూసేది పిలిచినోళ్ళు గదా. బండి గాదు గదా," అంది.

"నీకు అర్థం కాదులే," అన్నాను.

"అర్థమైతే మీ ఆఫీసుల నాకు కుర్చీ ఏస్తరా ఏంది," అని నవ్వింది.

దినం అయ్యాక డ్రైవర్ వెంకన్న ఇంటికి వచ్చాడు. ఆ పొద్దున వాగు పొంగిందట. గుట్ట చుట్టూ తిరిగి రావచ్చు కదా అన్నాను.

"రెండు గంటలైతది సార్. ఎర్ర గడి పడ్తది. నీళ్ళు తగ్గినంక కదిల్తే యాభై నిమిషాలే. అందరం గట్లనే చేస్తున్నం. అక్క అని తెల్వదు సార్."

చుట్టు దారిన వస్తే పన్నెండుకు చేరేవాడు. అమ్మ బతికేదని చెప్పలేను. బండి వచ్చిందని చూసేది.

నీకు చెప్పనిది ఒకటుంది. వెంకన్న చెప్పిన తరువాతే ఆ నెల కార్డు నింపాను. అమ్మ గడిలో యాభై నిమిషాలని రాసి, పచ్చ రంగు వేసి రాయ్‌పూర్‌లోని మా పెద్దాఫీసుకు పంపాను. బాగుందని జవాబు వచ్చింది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు.

నీ ప్రశ్నకు జవాబు, రెండున్నర గంటలు.

ఫోన్ వచ్చిన వేళలు భీమే లాంటి వాళ్ళను అడిగి, పాత గడులన్నీ మళ్ళీ నింపాను. నలభై ఒకటిలో ఇరవై ఆరు ఎరుపు. రేపు పొద్దున పదింటికి రాయ్‌పూర్ వాళ్ళు సమీక్షకు వస్తారు. కొత్త కార్డు వాళ్ళ ముందు పెడతాను. అమ్మ గడికి ఎదురుగా, కారణం అన్నచోట వెంకన్న పేరు రాయమంటారు. నా పేరు రాసి, పైకి చదువుతాను.

ఇట్లు,
మీ నాన్న