కజాక్‌స్తాన్ రాయి, భీమిలి ఇసుక

ఫాల్స్ చర్చ్, వర్జీనియా
9 నవంబరు 1986

మిత్రుడు అనంతరామయ్యకు,

రాధాకృష్ణ నమస్కారాలు. ఇక్కడ నేనూ నా భార్య సుమతీ కులాసా. అక్కడ నువ్వూ మీ ఇంట్లోవాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇరవై రెండేళ్ల తర్వాత ఉత్తరం రాస్తూ ఇంతకంటే బాగా మొదలుపెట్టడం నాకు చేతకాలేదు. కవరు మీద పేరు చూసి చింపెయ్యకుండా ఇక్కడిదాకా చదివావంటే అదే పదివేలు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. అది చెప్తేగాని అసలు విషయానికి రాలేను. రష్యావాళ్లు భూమిలోపల బాంబు పేల్చినప్పుడల్లా ఆ కుదుపు ఇంత దూరం వచ్చి మా కాగితాల మీద గీతలా పడుతుంది. ఆ గీత ఎత్తు కొలిచి, బాంబు ఎంతదో లెక్కగట్టడం నా పని. ఒక్కో బాంబు నూట యాభై కిలోటన్నులు దాటకూడదని రెండు దేశాలూ పన్నెండేళ్ల కిందట ఒప్పందం రాసుకున్నాయి. రాసుకున్నాయేగాని ఒకరి మాట ఒకరు నమ్మింది లేదు. గట్టు తగాదా పడ్డ పాలివాళ్లలా రోజూ అవతలివాడి చేలోకి తొంగిచూస్తూనే ఉన్నారు. ఆ తొంగిచూడ్డానికే నాకు జీతం.

ఈ నాలుగైదేళ్లుగా ఇక్కడి పత్రికల్లో ఒకటే గోల, రష్యావాళ్లు హద్దు దాటుతున్నారని. అంకెలు చూస్తే నిజమేననిపిస్తుంది. కొన్ని పేలుళ్లకి రెండు వందలు, ఇంకా పైన కూడా వస్తుంది. కానీ ఆ అంకెలు కట్టే సూత్రం మేం నెవాడా ఎడారిలో మన బాంబులు పేల్చి తయారుచేసుకున్నది. ('మన' అంటున్నాను, చూశావా. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పట్నుంచీ నోటికి అలా వచ్చేస్తోంది.) నెవాడా అడుగున భూమి వేడిగా ఉంటుంది, కుదుపులో సగం మింగేస్తుంది. కజాక్‌స్తాన్‌లో వాళ్లు పేల్చే చోట పాతకాలపు గట్టి రాయి, అది ఏమీ మింగదు. ఒకే రోకలితో పరుపు మీద కొట్టి, గచ్చు మీద కొట్టి చూడు. గచ్చు మీద కొట్టినవాడికి బలం ఎక్కువని తీర్పు చెప్పడం లాంటిది ఇది.

రెండేళ్ల కిందట ఒక రిపోర్టు పంపాల్సివచ్చింది. లాబ్‌లో మా పెద్ద కార్ల్సన్ అందర్నీ కూర్చోబెట్టి, ఉన్న అంకె ఉన్నట్టు పంపుదామా, నేల తేడా తీసేసి పంపుదామా అని అడిగాడు. తేడా ఉందని ఆ గదిలో సగంమందికి తెలుసు. అయినా తీసెయ్యాలని నేనొక్కణ్ణే అన్నాను. రష్యావాళ్ల తరఫున వకాల్తా ఎప్పుడు పుచ్చుకున్నావని కార్ల్సన్ నవ్వుతూనే అడిగాడు. చివరికి పెద్ద అంకె రిపోర్టులోకీ, నా అంకె కింద చిన్నక్షరాల్లోకీ వెళ్లాయి. ఇంటికొచ్చి చెప్తే సుమతి తల పట్టుకుంది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పెట్టుకుని మీటింగ్‌లో రష్యాని సపోర్ట్ చెయ్యడం అవసరమా, నాలుగు నెలలు సైలెంట్‌గా ఉంటే మీ సొమ్మేం పోయిందండీ అని అడిగింది. పౌరసత్వం వచ్చిందిలే. ఈ వేసవిలో ఇక్కడి శాస్త్రవేత్తలు కొందరు కజాక్‌స్తాన్ వెళ్లి, తమ పరికరాలు ఆ రాయి మీదే పెట్టివచ్చారు కూడా. నేలే తేడా అని ఇప్పుడు అందరూ అంటున్నారు. నా చిన్నక్షరాలు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఆ రోజు నేనన్న మాట నాది కాదు. 'నేల వేరు సార్' అన్నది నువ్వు, 1964లో, ప్రొఫెసర్ గారి గదిలో.

రీసెర్చ్‌లో నేల కుదుపులు కొలవడానికి మనిద్దరికీ పేలుడుకి రెండు డైనమైట్ కడ్డీలే ఇచ్చేవారు. నాకు భీమిలి దగ్గర ఇసుక దిబ్బలు, నీకు అనకాపల్లి అవతల రాతి గుట్టలు. నీ గీతలు నా గీతలకి మూడింతలుండేవి. అమెరికా ఫెలోషిప్ ఉన్నదేమో ఒక్కటే. అనంతం రిజిస్టర్‌లో రాసినదానికంటే ఎక్కువ పేలుస్తున్నాడని నేను వెళ్లి ప్రొఫెసర్ గారి చెవిన వేశాను. ఆయన నిన్ను పిలిచారు. నువ్వు ఆ ఒక్క మాటే అన్నావు. అలాగని ఎక్కడైనా అచ్చులో ఉంటే సోమవారానికల్లా చూపించమన్నారు. నువ్వు నాలుగు రోజులు లైబ్రరీ అంతా వెతికావు, దొరకలేదు. డైనమైట్ సంగతి పోలీసుల దాకా పోకుండా ఉండాలంటే రీసెర్చ్ మానెయ్యమని ఆయన నెమ్మదిగానే చెప్పారు. నువ్వు నర్సీపట్నం హైస్కూల్లో సైన్సు చెప్పుకోవడానికి వెళ్లావు. నేను విమానం ఎక్కాను.

మొన్న సెప్టెంబరులో, మనతో చదివిన జగన్మోహన్ వాళ్ల అమ్మాయిని చూడ్డానికి న్యూజెర్సీ వచ్చి, మా ఇంట్లో రెండు రోజులున్నాడు. మీ అమ్మాయి వసుమతి మన డిపార్ట్‌మెంట్‌లోనే రీసెర్చ్‌కి దరఖాస్తు పెట్టిందట కదా. ఇంటర్వ్యూలో ఎవరో, నువ్వు ఆ డైనమైట్ అనంతరామయ్య కూతురివా అని అడిగారట. ఇంటికొచ్చి నిన్నడిగితే నువ్వేమీ చెప్పలేదట. ఆ పిల్ల అప్పట్నుంచీ నీతో సరిగ్గా మాట్లాడ్డం లేదని చెప్పాడు.

ముక్కూ మొహం తెలియని రష్యావాళ్ల కోసం నోరు విప్పాను. ఒకే గదిలో నాతో మూడేళ్లున్న నీ కోసం విప్పలేదు. నేల సంగతి ఆ రోజుల్లో నాకు తెలియదనుకో. తెలియనితనంతో చేసిన తప్పుగా ఎంచి నన్ను క్షమించు. ప్రొఫెసర్ గారికీ, ఇప్పుడున్న హెడ్ గారికీ నా లాబ్ కాగితం మీద విడివిడిగా ఉత్తరాలు రాశాను. నువ్వు రిజిస్టర్‌లో రాసింది అక్షరాలా నిజమని అందులో ఉంది.

జవాబు రాస్తే సంతోషిస్తాను. రాయకపోతే ఎందుకో నాకు తెలుసు.

ఇట్లు,
ఒకప్పటి నీ రూమ్మేటు
రాధాకృష్ణ

తా.క. పైన 'తెలియనితనంతో' అని రాసినది అబద్ధం. ఉత్తరం మడిచి కూడా మళ్లీ విప్పాను. రాతికీ ఇసుకకీ ఉన్న తేడా గురించి ఒక పుస్తకంలో పదకొండు పేజీలుంది. మన లైబ్రరీలో ఉన్నది ఒకటే ప్రతి. ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్లడానికి వారం ముందే నేనది చదివాను. నువ్వు వెతికిన ఆ నాలుగు రోజులూ అది నా ట్రంకు పెట్టెలో, నీ మంచానికి మూడడుగుల దూరంలో ఉంది. తిరిగివ్వడానికి భయపడి నాతోపాటే ఈ దేశం తెచ్చుకున్నాను. వెనక అట్టకి అంటించిన చీటీ మీద తేదీ ముద్రా, పక్కన నా రోల్ నంబరూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నీకు పంపితే విప్పకుండానే అటకెక్కిస్తావని తెలుసు. అందుకని పోయిన నెలలోనే, ఆ పదకొండు పేజీల దగ్గర ఈ సంగతంతా చీటీ రాసిపెట్టి, వసుమతి పేరున రిజిస్టర్డ్ పార్సెల్ చేశాను. ఆ పిల్లకి రాసిన నిజం నీకు రాయడానికే మొహం చెల్లలేదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి మీ అమ్మాయి చదివేసి ఉంటుంది.