మార్జిన్‌లో ‘మామూలే’

అక్కయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసా అనే రాశావు గానీ, ఈసారి నేను నమ్మలేదు.

కీళ్లవాతం మాత్రను సగం చేసి వేసుకోవచ్చా అని పొరుగావిడ అడగమందని రాశావు. ఆ పొరుగావిడవి నీ మోకాళ్లేనని నాకు తెలుసులే. వద్దని చెప్పు. ధరకి భయపడి సగంతో సరిపెడితే జబ్బు ఊరుకోదు.

మా కంపెనీ గొడవ ఎందాకా వచ్చిందని బావగారు అడిగారన్నావు. నీ మాత్ర మాదే కదా. దాని మొదటి పేటెంటు గడువు ఎప్పుడో అయిపోయింది. అయితే ఆ మందు పొడిని పటికబెల్లంలా పలుకు కట్టించి, ఇది కొత్త రూపమని మావాళ్లు ఇంకో పేటెంటు తెచ్చుకున్నారు. ఉత్త పొడి నిలవ ఉండదు, ఇప్పుడు మాత్రలన్నీ ఆ పలుకుతోనే చేయాలి, కాబట్టి ఇంకెవరూ చవగ్గా చేసి అమ్మలేరు. దాని మీద వేరే కంపెనీ కోర్టుకి వెళ్లింది. ఆ పనిలో ఉన్న ఎవరికైనా ఇట్టే తట్టే సంగతికి పేటెంటు నిలవదట.

ఆ పలుకుని మొదట చూసింది నేనే. చెమ్మలో ఉంచిన పొడి పలుకు కట్టిందని ల్యాబ్ పుస్తకంలో రాసి, పక్కన మార్జిన్‌లో ‘మామూలే’ అని గీకాను. ఆ కోడిగీతల్ని కోర్టులో గోడంత పెద్దవి చేసి చూపించారు. చిన్నప్పుడు నా దస్తూరికి నువ్వు పెట్టిన చీవాట్లన్నీ గుర్తొచ్చాయి.

ఇక నీ దగ్గర దాచిన సంగతి. పోయిన నెల మా కంపెనీ లాయరుగారు ఒక కాగితం నా ముందు పెట్టారు.

“‘మామూలే’ అంటే పరీక్ష మామూలుగానే చేశామని మీ ఉద్దేశం, అంతేగా?” అన్నారు.

మాట అదే, అర్థాన్ని కాస్త పక్కకి జరిపారు. ఉద్యోగం పోతుందని భయపడి సంతకం పెట్టాను. నీ మాత్ర గుర్తు రాకపోలేదు. వచ్చినా పెట్టాను. సిగ్గుగా ఉంది అక్కా.

నీ ఉత్తరం మొన్న అందింది. నిన్న బోనెక్కాను. మామూలే అంటే ఏమిటని జడ్జిగారు అడిగారు.

“ఆ రకం పొడులన్నీ చెమ్మ తగిలితే పలుకు కడతాయండీ. ల్యాబ్‌లో అందరికీ తెలుసు. ఇందులో కొత్తేం లేదని రాసుకున్నాను,” అన్నాను.

“మరి ఈ సంతకం?”

“నాదేనండీ. అందులో రాసింది నిజం కాదు.”

మా లాయరుగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఈ ఉదయం ల్యాబ్ తలుపు నా కార్డుకి తెరుచుకోలేదు. ఆ సంతకానికి నా మీద కేసు పెడతారేమో తెలియదు. నీ మరదలు మాత్రం నిన్న కడుపునిండా తిని పడుకోమంది.

తీర్పుకి నెలలు పడుతుంది. అందాకా సరిపడే మాత్రలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఒక్కటి కూడా విరవకు.

ప్రతి ఉత్తరంలోనూ ‘నొప్పులు మామూలే’ అని రాస్తావు. ఇన్నేళ్లూ చదివి మడిచి పెట్టేశాను. ఆ మాటకి నా అర్థమేమిటో నేను ప్రమాణం చేసి చెప్పి వచ్చాను. ఇక నీ అర్థమేమిటో నువ్వు రాయి.

ఇట్లు,
నీ కోడిగీతల తమ్ముడు